భవానీదేవి క్యారేజీ

భవానీదేవి ఆడిట్‌కు వెళ్లేటప్పుడు ఇంటి నుంచి క్యారేజీ పట్టుకెళ్తుంది. ఇంకెక్కడైనా అయితే ఇది రాయాల్సిన సంగతి కాదు. కోనసీమలో మధ్యాహ్నం పూట ఒకరింటికి వెళ్లి, వాళ్లు విస్తరి వేశాక “నా అన్నం నేను తెచ్చుకున్నానండీ” అనడం తిట్టుకంటే పెద్ద మాట. తిట్టిన మనిషితో నాలుగు రోజులు పోయాక మళ్లీ మాటలు కలుస్తాయి. విస్తరి వద్దన్న మనిషిని మాత్రం మనవల కాలం దాకా చెప్పుకుంటారు.

ఆ మాట ఆమె తాటిపాక దగ్గర ఒక కొబ్బరి వ్యాపారి ఇంట్లో అంది. దానివల్ల చదువుతున్న డిగ్రీ చేజారేంత పనయింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆమెది అక్కడికి దగ్గర్లోనే నగరం అనే పల్లె. తండ్రి దోహాలో లారీ నడుపుతాడు. తల్లి మంగాయమ్మ మోకాళ్లు సహకరించినన్నాళ్లు కొబ్బరి కల్లాల్లో పని చేసింది. కాయలు కొట్టడం, చిప్పలు ఎండబెట్టడం, మబ్బు పడితే పరుగున వెళ్లి పట్టా కప్పడం. కూతురు ఇంటర్ పూర్తి చేశాక అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో బీకామ్ ఆనర్స్‌లో చేరింది. అందులో కొత్తగా ఒక పద్ధతి పెట్టారు. వారంలో మూడు రోజులు కాలేజీలో క్లాసులు, మూడు రోజులు ఆడిటర్ ఆఫీసులో పని. పని చేసినందుకు నెలనెలా స్టైపెండు ఇస్తారు. ఆ పనికి డిగ్రీలో మార్కులు కూడా ఉంటాయి. మార్కులు వేసేది ఆఫీసు యజమాని. ఆయన నడుమ “ఈ విద్యార్థి మాకు అక్కర్లేదు” అని కాలేజీకి ఒక్క ముక్క రాస్తే ఆ సెమిస్టరు మొత్తం పోతుంది. ఊళ్లో ఆడిటర్లు ఉన్నదే కొద్దిమంది. ఒకరు వద్దన్న పిల్లను ఇంకొకరు తీసుకోరు. అంటే ఏడాది పోయినట్టే, ఒక్కోసారి చదువే పోయినట్టు.

“ఆడిట్ అంటే ఏంటే?” అని మంగాయమ్మ మొదటి రోజే అడిగింది.

“లెక్కలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటమే.”

“ఎవరివి?”

“అందరివీనే.”

“అమ్మో,” అంది మంగాయమ్మ. “అందరితోనూ తగువేనన్నమాట.”

ఆమె చదువుకోలేదు గానీ ఈ వృత్తి గురించి అంతకంటే కచ్చితమైన వివరణ కాలేజీ పుస్తకాల్లో లేదు.

ఆఫీసు గడియార స్తంభం దగ్గర ఒక సందులో, మేడ మీద. ఆడిటర్ కృష్ణమూర్తి గారు ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్నారు. క్లయింట్ల ఇళ్లలో పెళ్లిళ్లకు ముందు వరుసలో కూర్చుంటారు, పురుళ్లకు చూసి వస్తారు, అన్నదమ్ములు పంచుకుంటుంటే నడుమ కూర్చుని సర్ది చెబుతారు. లంచం తీసుకున్నారని ఆయన్ను ఎవరూ అనలేదు, అనలేరు కూడా. ఈ వ్యవహారంలో చెడ్డవాళ్లు లేకపోవడమే అసలు ఇబ్బంది.

భవానీదేవి మొదటిసారి తాటిపాక వెళ్లింది సెప్టెంబరులో. ఆఫీసులో సీనియర్ అయిన దుర్గాసాయి బండి మీద వెనక కూర్చుని వెళ్లింది. దుర్గాసాయి సీఏ చదువుతున్నాడు, మూడుసార్లు పరీక్ష పోగొట్టుకున్నాడు గానీ నవ్వు పోగొట్టుకోలేదు. వాళ్లు చూడాల్సింది కొబ్బరి వ్యాపారి త్రిమూర్తులు గారి సరుకు. బ్యాంకు ఆయనకు సరుకు మీద డబ్బు ఇస్తుంది. సరుకు నిజంగా ఉందని ఆడిటర్ చూసి రాయాలి. ఇంతే పని.

ఆయన సరుకు రెండు చోట్ల ఉంటుంది. ఎండు కొబ్బరి బస్తాలు కల్లం పక్కన షెడ్డులో. కురిడీ కాయలు ఇంటి అటక మీద. కురిడీ అంటే ముదురు కాయను పీచుతోనే అటకకెక్కించి నెలల తరబడి కదపకుండా ఉంచేది. లోపల నీరింకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా దొర్లుతుంది. దానికి ఉత్తరాదిలో మంచి ధర. అందుకే సరుకులో సగానికి పైగా విలువ ఆ అటక మీదే ఉంటుంది. అటకేమో భోజనాల హాలుకి సరిగ్గా పైన.

“రండి బాబూ, రండమ్మా. ఎండన పడి వచ్చేరు,” అని త్రిమూర్తులు గారు గుమ్మంలోకి ఎదురొచ్చారు. బొండాలు కొట్టించారు. తర్వాత పెసరట్టు. తర్వాత షెడ్డు చూపించారు. బస్తాలు లెక్క పెట్టారు, సరిపోయాయి. ఆ సరికి లోపల్నుంచి ఆయన భార్య రాజ్యం గారి కేక వినబడింది. “ఏవండీ, విస్తళ్లు వేసేశాను. పిల్లలు ఆకలితో ఉంటారు, తర్వాత చూసుకోవచ్చు.”

బొమ్మిడాయిల పులుసు, పచ్చి రొయ్యలు వేసిన గోంగూర, కొబ్బరి పాలతో పులావు, గడ్డపెరుగు. రాజ్యం గారు పక్కనే నిలబడి వడ్డించారు. వద్దంటే వినలేదు. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వేశారు. తిన్నాక దుర్గాసాయి పందిరి మంచం మీద ఒరిగాడు. మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది.

“మరి అటకండీ?” అంది భవానీదేవి.

త్రిమూర్తులు గారు నవ్వుతూ వేలు పైకెత్తి చూపించారు. “అటకెక్కడికి పోద్దమ్మా? పొద్దుటి నించీ మన నెత్తి మీదే ఉంది.”

అందరూ నవ్వారు. భవానీదేవి కూడా నవ్వింది. దుర్గాసాయి చెబుతుంటే కాగితం మీద రాసింది: అటక మీద నిల్వ ఉన్న కురిడీ కాయలు స్వయంగా చూసి సరిపోల్చడమైనది. కింద “చూసినవారు” అన్న చోట సంతకం చేసింది. పొట్ట నిండుగా ఉన్న మనిషి నిచ్చెన ఎక్కడు. ఆ జిల్లాలో సగం స్టాకు పరిశీలనలు ఈ ఒక్క సూత్రం మీద నడుస్తాయి.

కాలేజీలో నిర్మల మేడమ్ ఒక అలవాటు పెట్టారు. పని నుంచి వచ్చిన వాళ్లు క్లాసులో నిలబడి అక్కడ ఏం నేర్చుకున్నారో చెప్పాలి. ఆ వారం భవానీదేవి వంతు.

“స్టాకు ఎలా చూడాలో చెప్పు,” అన్నారు మేడమ్.

“ముందు బొండాం తాగాలండీ,” అంది భవానీదేవి.

క్లాసు గొల్లుమంది. ఆ ఊపులో పులుసూ, పందిరి మంచమూ, నెత్తి మీది అటకా అన్నీ చెప్పేసింది. ఇంకా నవ్వారు. నవ్వు తగ్గేదాకా మేడమ్ ఆగారు.

“చూడలేదు కదా. మరి చూశానని ఎందుకు రాశావు?”

“మొహమాటమండీ.”

“అది ఆడిటింగ్ స్టాండర్డుల్లో ఎన్నో నంబరు?”

ఈసారి ఎవరూ నవ్వలేదు. భవానీదేవి కూర్చుంది. తాను చూశానని సంతకం పెట్టింది కురిడీ కాయలకు, చూసింది బొమ్మిడాయిల పులుసును. ఈ రెంటికీ తేడా తెలియడానికి ఎవరికీ డిగ్రీ అక్కర్లేదు. కానీ తేడా తెలిసీ సంతకం పెట్టడానికి డిగ్రీ ఎందుకు అన్న ప్రశ్న మాత్రం ఆమెను వదల్లేదు.

మర్నాటి నుంచి క్యారేజీ మొదలైంది. కొత్తపేటలో ఎరువుల దుకాణం, దిండిలో పడవల హోటలు, రాజోలులో బట్టల షాపు, ఎక్కడికి వెళ్లినా మంచినీళ్ల సీసాతో సహా తనవే. “కడుపులో బాగోలేదండీ” అని అబద్ధం చెప్పొచ్చు. దుర్గాసాయి అదే సలహా ఇచ్చాడు. ఆమె చెప్పలేదు. “పని మీద వచ్చినప్పుడు తిననండీ” అని చెప్పేది. చిన్న క్లయింట్లు వింతగా చూసి వదిలేశారు. బాధపడింది దుర్గాసాయి ఒక్కడే.

“నువ్వు తినకపోతే మానెయ్. కానీ నువ్వు పక్కన అలా కూర్చుంటే నేను తినడం కనపడుద్ది తల్లీ,” అన్నాడు.

“కనపడితే మంచిదేగా.”

“మా అమ్మ కూడా నన్నింత కష్టపెట్టలేదు.”

మార్చి ఆఖర్లో మళ్లీ తాటిపాక వంతు వచ్చింది. దుర్గాసాయి పరీక్షల సెలవులో ఉన్నాడు. కృష్ణమూర్తి గారు ఫైలు చేతికిచ్చి, “పోయినసారి కాగితం ఉందిగా. అంకెలు మార్చుకుని వచ్చెయ్,” అన్నారు. ఆయనకు అందులో తప్పేమీ తోచలేదు.

భవానీదేవి షెడ్డులో బస్తాలు చూసింది. తర్వాత అటక చూపించమంది.

“చూద్దువు గాని. ముందు భోజనం,” అన్నారు త్రిమూర్తులు గారు.

“అటక చూశాక వెళ్లిపోతానండీ. నా అన్నం నేను తెచ్చుకున్నాను.”

విస్తరి పరుస్తున్న రాజ్యం గారి చెయ్యి ఆగింది. ఆవిడ క్యారేజీ వంక చూశారు, తర్వాత భవానీదేవి వంక.

“ఏం, మా ఇంట్లో అన్నం మింగుడు పడదా?”

“పడుద్దండీ. పోయినసారి తిన్నాను కదా, చాలా బావుంది. బావుంది కాబట్టే ఈసారి వద్దంటున్నాను.”

“ఇదేం చోద్యమమ్మా! పెట్టిన చెయ్యిని కాదంటారా ఎక్కడైనా?” అని, ఇంకొంచెం దగ్గరికొచ్చి, “నువ్వు మంగాయమ్మ కూతురివి కదూ? నగరం మంగాయమ్మ?”

“ఆయ్, అవునండీ.”

“అదే అనుకున్నాను, ముక్కు పోలిక. మీ అమ్మ మా కల్లంలో ఎన్నేళ్లు చేసింది! ఒక్కనాడు ఎదురు మాటాడి ఎరగదు. అంత మర్యాదస్తురాలి కడుపున...”

“ఆవిడా క్యారేజీయే తెచ్చుకునేదండీ,” అంది భవానీదేవి. గొంతు పెంచలేదు. “ఆ షెడ్డు వెనక కూర్చుని తినేది. సెలవులకి వచ్చినప్పుడు నేనూ తినేదాన్ని. ఆవిడకి విస్తరెయ్యాలని ఎవరికీ తోచలేదు. నాకు వేస్తున్నారంటే ఈ అన్నం నాక్కాదండీ, నా సంతకానికి.”

రాజ్యం గారు విస్తరి మడిచి లోపలికి వెళ్లిపోయారు. కోపం త్రిమూర్తులు గారికి వచ్చింది. ఆయన పెద్దగా అరిచే మనిషి కాదు. చెవులు ఎర్రబడ్డాయి, అంతే.

“నిచ్చెన లేదమ్మాయ్‌ గారూ. కాయల దింపు వాళ్లు పట్టుకెళ్లేరు.”

“వచ్చేదాకా ఉంటానండీ.”

“సాయంత్రానికి గాని రారు.”

“సాయంత్రం దాకా ఉంటానండీ.”

వాకిట్లో అరుగు మీద కూర్చుని క్యారేజీ విప్పింది. ఇక్కడ మంగాయమ్మ సంగతి ఒకటి చెప్పాలి. ఒకరింటి అన్నం వద్దనడం ఆమెకు అసలు ఇష్టం లేదు. కానీ పిల్ల నలుగురి ముందు గిన్నె మూత తీస్తుందని తెలుసు కాబట్టి, ఆ గిన్నెలో చూసి ఎవరూ జాలిపడకూడదని పంతం. ఆ రోజు పనసపొట్టు కూర ఆవపెట్టి చేసింది, కందా బచ్చలీ వండింది, పై గిన్నెలో రెండు గారెలు పెట్టింది. మూత తీయగానే ఆవ ఘాటు వసారా అంతా కమ్మింది. త్రిమూర్తులు గారు ఒకసారి ముక్కు ఎగబీల్చి, అలా చేసినందుకు ఇంకా కోపం తెచ్చుకుని, ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లారు.

కాసేపటికి భవానీదేవి ఫోను మోగింది. కృష్ణమూర్తి గారు.

“ఏంటమ్మా అక్కడ గొడవ? రెండు ముద్దలు తినేసి వచ్చెయ్. ముప్పై ఏళ్ల పరిచయం.”

“అటక చూసి వస్తాను సార్.”

“నిచ్చెన లేదంటున్నారు కదా.”

“పక్కింట్లో ఉందండీ. ఇక్కడికి కనపడుతోంది.”

“ఆఫీసుకి రా,” అని పెట్టేశారు.

ఆఫీసులో ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. అది ఆయన కోపం. “త్రిమూర్తులు గారు ఏమన్నారో తెలుసా? ఆ పిల్ల వచ్చి మా ఆవిడ చేత కన్నీళ్లు పెట్టించింది అన్నారు. రేపు వెళ్లి వాళ్లింట్లో భోంచేసి, పొరపాటయిందని చెప్పి రా. లేదా నేను మీ కాలేజీకి రాసేస్తాను. నాకు వేరే దారి లేదు.”

“రాసెయ్యండి సార్.”

ఆయన ఈ జవాబు కోసం సిద్ధంగా లేరు. “సెమిస్టరు పోద్ది. తెలుసా?”

“తెలుసండీ. స్టైపెండూ పోద్ది. కానీ వెళ్లేముందు ఒక పని చేసి వెళ్తాను. సెప్టెంబరు కాగితం మీద అటక చూశానని నా సంతకం ఉంది. చూడలేదని దాని పక్కనే రాసి, తారీకు వేసి వెళ్తాను.”

“దాని మీద నా సంతకం కూడా ఉందమ్మా.”

“అవునండీ. నా మాట నమ్మి పెట్టేరు. అందుకే చెబుతున్నాను.”

కింద సందులో పూతరేకుల బండివాడి గంట వినపడుతోంది. కృష్ణమూర్తి గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ఆయన ముప్పై ఏళ్లలో పరువు పోగొట్టుకోలేదు, డబ్బు పోగొట్టుకోలేదు. పోగొట్టుకోవడానికి సంతకం అనేది ఒకటి ఉందని మాత్రం మరిచిపోయి చాలా కాలమైంది.

“రేపు నేనూ వస్తాను,” అన్నారు. వస్తే ఏం చేస్తారో చెప్పలేదు. కాలేజీకి రాయాల్సిన ఉత్తరం సంగతి కూడా తేల్చలేదు.

ఇంటికి వెళ్లేసరికి సంగతి ముందే చేరిపోయింది. మంగాయమ్మ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

“తినకపోతే తినకపోయేవు. నడుమ నా సంగతెందుకు ఎత్తేవే?”

“ఆవిడే ఎత్తిందమ్మా. ఎదురు మాటాడలేదని మెచ్చుకుంది.”

మంగాయమ్మ చాలాసేపు కూర కలుపుతూనే ఉంది. కలపాల్సినదానికంటే ఎక్కువే కలిపింది.

“నువ్వన్నదానికి ఏమంది?”

“ఏమీ అనలేదు. లోపలికి వెళ్లిపోయింది.”

“ఒక మాట అంటే నీ డిగ్రీ నిలబడుద్ది. క్షమించండి అంటే నోరు అరిగిపోదు.”

“ఏది క్షమించాలమ్మా?”

మంగాయమ్మ పొద్దున్నే లేచి క్యారేజీ కట్టింది. రోజూ మూడు గిన్నెలు. ఆ రోజు నాలుగు.

తాటిపాకలో కృష్ణమూర్తి గారి కారు ఆగేసరికి త్రిమూర్తులు గారు గేటు దాకా వచ్చారు. పక్కన దిగిన భవానీదేవి వంక చూడలేదు. “చిన్నపిల్ల, పోనివ్వండి. మీరొచ్చేరు, అదే చాలు,” అన్నారు. లోపల విస్తళ్లు సిద్ధంగా ఉన్నాయి. మూడు వేశారు. కృష్ణమూర్తి గారు కాళ్లు కడుక్కుని వెళ్లి ఒకదాని ముందు కూర్చున్నారు. భవానీదేవికి ఆ క్షణాన అంతా అయిపోయిందనిపించింది.

కూర్చున్నాక ఆయన తలెత్తి అటక చూశారు. “త్రిమూర్తులు గారూ, అమ్మాయికి ఆ పక్కింటి నిచ్చెన ఇప్పించండి. మనం భోంచేసే లోపు ఆవిడ పని ఆవిడ చూసుకుంటది.”

“ఇప్పుడా? దుమ్మండీ, బూజు. ఆడపిల్ల...”

“అలవాటేనండీ,” అంది భవానీదేవి. “కల్లంలో పెరిగినదాన్ని.”

నిచ్చెన వచ్చింది. ఆమె చున్నీ నడుముకి బిగించి కట్టుకుంది, ఫోనులో లైటు వేసి నోట్లో కరుచుకుంది, ఎక్కింది. కింద కృష్ణమూర్తి గారికి పప్పు వడ్డించారు. పైన కాయలు జరుగుతున్న చప్పుడు. పులుసు వడ్డించారు. పైన్నుంచి కొంచెం పీచు పొడి రాలింది. రాజ్యం గారు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు.

అటక ద్వారం దగ్గర కాయలు వాసం ఎత్తు దాకా గోడలా పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి చెవి దగ్గర ఆడించింది. లోపల గుండు కదిలింది, మంచి కురిడీ. ఇంకొకటి, మరొకటి. అన్నీ మంచివే. ఆ వరసల మీదుగా పాక్కుంటూ అవతలికి దిగింది.

కింద పెరుగు వేస్తున్నారు.

“సార్!”

“చెప్పమ్మా.”

“వెనక లేవండీ.”

“ఏం లేవు?”

“కాయలండీ. ముందు వరసలే ఉన్నాయి. వెనకంతా ఖాళీ. వెదురు తడికే కనపడుతోంది.”

కృష్ణమూర్తి గారి పెరుగన్నం ముద్ద చేతిలోనే ఆగింది. త్రిమూర్తులు గారు విస్తరి వంక చూస్తూ కూర్చున్నారు. తర్వాత కృష్ణమూర్తి గారు ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మిగిలిందంతా తిన్నారు. ఒక్క మెతుకు వదల్లేదు. లేచి చెయ్యి కడుక్కుని, తుండుతో తుడుచుకుని, నిచ్చెన కిందికొచ్చి తల పైకెత్తారు.

“ఫొటోలు తియ్యి. ఉన్నవి లెక్కపెట్టు. రాసుకో.”

త్రిమూర్తులు గారికి మాట ఇప్పుడొచ్చింది. “దాచిందేం లేదండీ. సంక్రాంతి ముందు ధరొచ్చింది, అమ్మేశాను. వేసవి దింపుకి మళ్లీ నింపేస్తాను. ఏటా అంతే. బ్యాంకుకి ఒక్కనాడు వడ్డీ ఆపేనా? మీరెప్పుడైనా అడిగేరా?”

“అడగలేదు. అదే తప్పయింది.”

“అయితే ఇప్పుడు మాత్రం ఎందుకండీ? పోయినసారి లాగే రాసెయ్యండి. ఆ పిల్లని మార్చెయ్యండి. లేదంటే నా ఫైలు నాకిచ్చెయ్యండి, ఇంకొకరిని చూసుకుంటాను.”

కృష్ణమూర్తి గారు చెప్పులేసుకుంటూ అన్నారు. “త్రిమూర్తులు గారూ, మీ ఇంటి వంట నాకు ప్రాణం. కానీ ఇది ఇలాగే రాసేనంటే, రేపు నన్ను లోపలేశాక జైలుకి క్యారేజీ మీ ఇంటి నించి వస్తదా?”

పైన భవానీదేవికి నవ్వొచ్చింది. బూజు నోట్లోకి పోయి దగ్గింది.

దిగేసరికి ఆమె జుట్టంతా పీచు. నిచ్చెన దగ్గర రాజ్యం గారు చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డారు. చేతులు కడుక్కోవడానికి పోశారు. “లెక్కయిపోయింది కదా. ఇప్పుడైనా తింటావా?” అన్నారు. ఆ గొంతులో దెప్పిపొడుపూ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

“ఇప్పుడు అసలు తినకూడదండీ, రిపోర్టు ఇంకా రాయలేదు,” అంది భవానీదేవి. కారు దగ్గరికి వెళ్లి నాలుగు గిన్నెల క్యారేజీ తీసుకుంది. ఈసారి అరుగు మీద కూర్చోలేదు. షెడ్డు వెనక్కి వెళ్లింది. తన తల్లి కూర్చునే చోటే కూర్చుని తింది. ఎవరూ రాలేదు.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశారు. సెప్టెంబరు కాగితం పక్కన భవానీదేవి “అటక చూడలేదు” అని రాసి సంతకం పెట్టింది. దాని కింద కృష్ణమూర్తి గారూ పెట్టారు. బ్యాంకు త్రిమూర్తులు గారికి ఇచ్చేది తగ్గించింది. ఆయన అన్నట్టే ఫైలు తీసుకెళ్లిపోయారు. దాంతో ఆఫీసుకి నష్టమే. ఆ నష్టం గురించి కృష్ణమూర్తి గారు నెలరోజులు రోజూ ఒకసారి గుర్తు చేశారు. కాలేజీకి ఉత్తరం మాత్రం రాయలేదు.

సెమిస్టరు చివర మార్కుల పత్రం వచ్చింది. ఆఫీసు యజమాని నింపాల్సింది. పని నేర్చుకోవడంలో నిండా మార్కులు. సమయానికి రావడంలో నిండా మార్కులు. క్లయింట్లతో మర్యాద అన్న గడిలో పదికి ఒకటి.

భవానీదేవి దాన్ని తీసుకుని ఆయన గదిలోకి వెళ్లింది. “సార్, ఇదేంటండీ?”

“చూసింది చూసినట్టే రాయమన్నావు కదా,” అన్నారు ఆయన తలెత్తకుండా. “చూసిందే రాశాను.”

ఆమె కొంచెంసేపు ఆ గడి వంక చూసింది. “ఆయ్. సరిగ్గానే ఉందండీ,” అని విద్యార్థి సంతకం చోట సంతకం పెట్టింది. ఆ తొమ్మిది మార్కులు పోయినా సెమిస్టరు నిలబడింది. ఇప్పుడు ఆఖరి ఏడాదిలో ఉంది.

మొన్న కొత్తపేట అవతల ఇంకో కొబ్బరి వ్యాపారి ఇంటికి వెళ్లింది, దుర్గాసాయి కూడా ఉన్నాడు. బొండాలు ఎవరూ కొట్టలేదు. లోపల్నుంచి పులుసు వాసన అయితే వస్తోంది. వ్యాపారి దుర్గాసాయిని పక్కకు పిలిచి, “ఈవిడేనా ఆ క్యారేజీ అమ్మాయి?” అని అడిగాడు. దుర్గాసాయి దీనంగా తలూపాడు.

అటక కింద నేల ఊడ్చి ఉంది. నిచ్చెన ముందే వేసి ఉంది. భవానీదేవి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఒకసారి కుదిపి చూసింది. క్యారేజీ మొదటి మెట్టు పక్కన పెట్టి ఎక్కడం మొదలుపెట్టింది.